వెల్లకిలా పడుకున్న చిత్రిక

బాలకోటయ్య కుడికాలి బొటనవేలి మీద నాపరాయి పడి రెండు నెలలైంది. వేలు పోలేదు. ఎముక అతుక్కుంది, కాకపోతే వంకరగా అతుక్కుంది. మరొకరికైతే అదొక లెక్కలోది కాదు, చెప్పులో కాలు పెట్టుకుని తమ పని తాము చూసుకుంటారు. బాలకోటయ్య వడ్రంగి. నేలమీద కూర్చుని, చెక్కను కాలి బొటనవేలి కింద అదిమిపట్టి, రెండు చేతులా చిత్రిక తోసే మనిషి. ఆ వేలు అతనికి మూడో చెయ్యి. నలభై ఏళ్లుగా బండిచక్రాల ఆకులనీ, నాగళ్లనీ, మంచం పట్టెలనీ కదలనివ్వని ఆ మూడో చెయ్యి ఇప్పుడు వేలెడు బద్దనైనా ఆపలేకపోతోంది. నొక్కితే నొప్పి లేదు. నొక్కడమే రావడం లేదు.

ఆ రాయి ఇంకా వాకిట్లోనే, గోడకు చేరేసి ఉంది. అరుగు మీద పరుద్దామని తెప్పించుకున్న రాయి అది. నాపరాళ్ల గనిలో పనిచేసే యేసుపాదం బండి కట్టి తెచ్చాడు. ఇద్దరూ పట్టి దించుతుంటే అతని వైపు చెయ్యి జారింది. ఆనాటి నుంచి యేసుపాదం రోజూ పనికి పోతూ ఒకసారి, వస్తూ ఒకసారి ఆగి, "ఏలు ఎట్టుంది మామా?" అని అడుగుతాడు. బాలకోటయ్య రోజూ "కాలికే ఉంది" అని చెబుతాడు.

లక్ష్మమ్మకు ఆ రెండు నెలలూ చెవులకు పని లేకుండా పోయింది. ముప్పై ఏళ్ల కాపురంలో ఆమె మాట్లాడిన ప్రతి మాటా చిత్రిక చప్పుడు మీదుగా గట్టిగా అరిచి చెప్పిందే. ఇప్పుడు మామూలుగా మాట్లాడినా ఇల్లంతా మోగుతోంది. భర్త పొద్దున్నే లేచి, మొహం కడుక్కుని, పనిముట్ల పెట్టె పక్కన కూర్చుని, మూత తెరవకుండా మధ్యాహ్నం దాకా గడుపుతున్నాడు. అట్లా కూర్చున్న మనిషిని చూస్తే ఆమెకు అన్నం దిగడం లేదు.

ఒకనాడు సంగటి ముందు కూర్చుని అతను అసలు సంగతి చెప్పాడు.

"మీరా సాహెబుకి కబురంపాను. వచ్చే గురువారం నరసరావుపేట నుంచి వస్తాడు. పనిముట్లన్నీ పట్టుకుపోతాడు."

లక్ష్మమ్మ పచ్చడి వేస్తున్న చెయ్యి ఆపింది. "ఆ తర్వాత?"

"గనికాడ రాళ్ల కుప్పలకి కాపలా మనిషి కావాలంట. కూర్చునే పనే."

"కూర్చుని ఏం చేస్తావు?"

"రాళ్లు లేచి పోకుండా చూస్తా."

ఆమెకు నవ్వు రావాల్సింది, రాలేదు. వారం రోజులుంది. ఈ వారంలో పెట్టె తెరుచుకోకపోతే ఇక ఈ ఇంట్లో తెరుచుకోదు. చెక్కలో గాళ్లు తీసే అతని గాడి చిత్రిక వాళ్ల నాన్న చేసింది, నల్లతుమ్మ చేవతో. దాన్ని ఇంకొకరి సంచిలో వేసి పంపిన రోజున ఈ మనిషి నిజంగానే రాళ్లలో ఒక రాయవుతాడని ఆమెకు తెలుసు.

మర్నాడు గ్రేసమ్మ టీచరమ్మ వచ్చింది. పల్లెలో యేసు గుడి పక్క పాకలో మధ్యాహ్నంపూట పెద్ద ఆడవాళ్లకు చదువు చెబుతుంది ఆమె. కలుపుతీతలు లేని రోజుల్లో ఇరవై మందికి పైగానే వస్తారు. వెనక ఒక ఆడమనిషి బుట్ట మోసుకొచ్చి అరుగు మీద దించింది. నిండా పలకలు. పలకలంటే ఉత్త రాళ్లే, చుట్టూ చట్రాలు లేవు.

"యుద్ధం రోజులు కదా కోటయ్య గారూ, కొట్లో పలకలు దొరకడం లేదు. మార్కాపురం నుంచి ఇవి మాత్రం వచ్చాయి. అంచులకి వేళ్లు తెగుతున్నాయి, ఒళ్లో నుంచి జారితే ముక్కలవుతున్నాయి. ఇరవై నాలుగింటికి చట్రాలు కట్టి పెట్టాలి."

"నేను పని మానేశానమ్మా" అన్నాడు బాలకోటయ్య.

"గురువారానికి చాలు" అంది టీచరమ్మ, ఆ మాట చెవిన పడనట్టు.

"గురువారానికి నా దగ్గర సుత్తి కూడా ఉండదు."

"బుట్ట లోపల పెట్టు అమ్మా" అని లక్ష్మమ్మ ఆ మోసుకొచ్చిన మనిషితో అంది. భర్త ఆమె వైపు చూశాడు. ఆమె బుట్ట వైపు చూసింది.

పలక చట్రంలో కష్టమంతా గాడిలో ఉంటుంది. రాయి అంచు కూర్చోవడానికి ప్రతి బద్దకూ ఒక పక్క పొడుగునా సన్నటి గాడి తీయాలి. పలకకు నాలుగు బద్దలు, ఇరవై నాలుగు పలకలకు తొంభై ఆరు. మందమేమో వేలంత. అంత సన్నటి బద్దను వేలికింద కదలకుండా పట్టుకోగలిగితేనే పైన గాడి చిత్రిక తిన్నగా నడుస్తుంది.

టీచరమ్మ వెళ్లాక లక్ష్మమ్మ చీర కాస్త పైకి దోపి, ఒక వేపబద్ద నేలమీద పెట్టి, తన కాలు దానిమీద వేసింది.

"ఇదిగో, నా ఏలు పెట్టుకో. తొయ్యి."

"ఏమే, నీకు మతి పోయిందా? జారితే నీ ఏలు కూడా పోద్ది."

"పోతే ఇద్దరం కలిసి రాళ్లు కాద్దాం. తొయ్యి."

అతను పెట్టె తెరిచాడు. లక్ష్మమ్మ ఆ మూత కిర్రుమన్న చప్పుడు విని లోలోపల మురిసిపోయింది. గాడి చిత్రిక తీసి, బద్దమీద పెట్టి, ఒక్క తోపు తోశాడు. బద్ద ఆమె కాలికింద నుంచి చేపలా జారిపోయి, కోళ్లగంప కింద దూరింది. కోళ్లు ఊరంతా వినబడేట్టు గోల చేశాయి. రెండో బద్ద తిరగబడింది. మూడో బద్దకు ఆమెకు చక్కిలిగింత పుట్టి కాలు లాగేసుకుంది. అతను చిత్రికను పెట్టెలో పెట్టి మూత వేశాడు.

మర్నాడు శనివారం. లక్ష్మమ్మ సొరకాయ తరుగుతోంది. కత్తిపీట మీద పాదం వేసి కూర్చుని, కాయను కత్తికేసి నెడుతోంది, ముక్కలు పళ్లెంలో పడుతున్నాయి. చెయ్యి తన పని తాను చేసుకుపోతుంటే ఆమె కళ్లు పనిముట్ల పెట్టె మీద ఉన్నాయి. సగం కాయ అయ్యేసరికి చెయ్యి ఆగిపోయింది. కత్తివైపు చూసింది. కాయవైపు చూసింది. మళ్లీ ఒక ముక్క మెల్లగా తరిగింది, తాను ఏం చేస్తోందో తనే ఇప్పుడు కొత్తగా చూస్తున్నట్టు.

"ఏమయ్యా, ఇట్టా రా."

"ఏంది?"

"ఇందులో కదిలేదేంది, కదలందేంది?"

బాలకోటయ్య గుమ్మంలో నిలబడి చూశాడు. "కత్తి కదలదు. కాయ కదుల్తది. ఆడాళ్లు ఎప్పుడూ చేసేదేగా."

"మరి నీ పనిలో?"

"నా పనిలో చెక్క కదలదు, చిత్రిక కదుల్తది."

"చెక్కని పట్టే ఏలు లేనప్పుడు చెక్కని ఎందుకు పట్టాలి? చిత్రికనే కదలకుండా పెట్టు. వెల్లకిలా పడుకోబెట్టు. చెక్కనే దానిమీద నడిపించు."

అతను నవ్వాడు. రెండు నెలల్లో అదే మొదటిసారి, అయితే అది మంచి నవ్వు కాదు. "మా నాయన చేసిన చిత్రికని కత్తిపీట చేస్తావా?"

"గురువారం దాకానేగా. ఆపైన సాహెబు దాన్ని ఏం చేసుకుంటే నీకేంది?"

అతను కత్తిపీట వైపే చూశాడు. గుమ్మంలోంచి పోలేదు. "ఊగకూడదు" అన్నాడు. "దాన్ని పట్టేది బరువుండాల. చదునుగా ఉండాల. చెక్కబల్ల అయితే ఎండకి వంకరపోద్ది."

లక్ష్మమ్మ వాకిట్లోకి చూసింది. గోడకు చేరేసిన నాపరాయి అద్దంలా చదునుగా మెరుస్తోంది. బాలకోటయ్య కూడా చూశాడు.

"ఆ ముండరాయి నాకొద్దు" అన్నాడు.

"కాలిరగ్గొట్టి ఊరికే నిలబడితే సరా? పని చెయ్యనియ్యి."

సాయంత్రం యేసుపాదం ఆగి ఎప్పటి ప్రశ్న అడిగాడు. లక్ష్మమ్మ అతనికి జవాబు చెప్పకుండా రాయి చూపించి, నడిమధ్యన జానెడు పొడుగున, రెండు వేళ్ల వెడల్పున సందు కొట్టాలని చెప్పింది. ఆ రాయి మీద చెయ్యి వేయడానికి ఇంత మంచి సాకు దొరికినందుకు యేసుపాదం మొహమంతా వెలిగిపోయింది.

"రేపు ఆదివారం, గుడికి పోవాల అత్తా. సోమారం తెల్లారేసరికి ఉలితో ఉంటా. ఎట్టాంటి సందు కావాలంటే అట్టాంటిది కొడతా. కావాలంటే నెమలిని చెక్కుతా."

"నెమలొద్దు. రాయి పగలకుంటే చాలు" అన్నాడు బాలకోటయ్య.

సోమవారం పొద్దెక్కేదాకా ఉలి చప్పుడుతో వాకిలి మోగింది. రాయి పగల్లేదు. పల్నాటి నాపరాయి చేతకాని వాడి ఉలికి పెళుసు, చేతనైన వాడి ఉలికి వెన్న. సందు తీసి, రాయిని రెండు పక్కలా జానెడెత్తు కొండరాళ్ల మీద పడుకోబెట్టారు. బాలకోటయ్య గాడి చిత్రికను తలకిందులు చేసి, కింది నుంచి ఆ సందులోకి ఎక్కించాడు. గాడి తీసే సన్నటి వెన్ను మాత్రం పైకి వచ్చి, రాతిమీద కందిగింజ ఎత్తున నిలిచింది. మధ్యలో చిత్రికకు బిగించిన ఉలి మొన. పక్కన తిన్నటి తుమ్మబద్ద ఒకటి, చెక్క ఆనుకుని నడవడానికి.

"మామా, సున్నంలో బెల్లం కలిపి పోస్తా. ఇక భూకంపమొచ్చినా కదలదు" అన్నాడు యేసుపాదం.

"ఒద్దొద్దు. గురువారం సాహెబుకి ఇయ్యాల. చెక్క చీలిక ఒకటి కొడతా. ఒక్క దెబ్బకి ఊడి రావాల." అట్లాగే ఒక చీలిక చెక్కి, రాతికింద చిత్రికకూ సందుకూ మధ్య కొట్టాడు. మళ్లీ తనే సుత్తితో ఒక్క దెబ్బ కొట్టి ఊడదీసి చూపించి, మళ్లీ బిగించాడు. లక్ష్మమ్మ ఆ ఊడటం చూసి మొహం తిప్పుకుంది.

రాతిముందు కాళ్లు చాపుకుని కూర్చుని, బద్దను వెన్నుమీద పెట్టి, ముందుకు తోశాడు. బద్ద నున్నగా జారిపోయింది. గీత కూడా పడలేదు. మళ్లీ తోశాడు. మళ్లీ జారింది.

"మొండిదైంది" అని ఉలి తీసి సానరాయి మీద పట్టాడు. వెంట్రుక తెగేంత పదును పెట్టి మళ్లీ కూర్చున్నాడు. బద్ద మళ్లీ నున్నగానే జారింది. ఉలిని ఇంకాస్త పైకి జరిపాడు. అదే తంతు. రెండోసారి సాన పట్టాడు. మూడోసారి సాన పట్టేసరికి అతని చెవులు ఎర్రబడ్డాయి. యేసుపాదం వంగి, రాతిని అన్ని పక్కలా తడిమి, "రాయిలో లోపం లేదు మామా" అన్నాడు.

"రాయిలో లేదు, ఉలిలో లేదు, ఇంక నాలోనే ఉంది" అని బాలకోటయ్య లేచాడు. "నలభై ఏళ్ల పని ఒక ఏలితో పాటే పోయింది. కత్తిపీటలంట, సొరకాయలంట." కుంటుకుంటూ లోపలికి పోయి మంచంమీద గోడవైపు తిరిగి పడుకున్నాడు.

యేసుపాదం నెత్తిన గుడ్డ చుట్టుకుని గనికి పోయాడు.

లక్ష్మమ్మ రాతిముందు ఒక్కతే మిగిలింది. భర్త కూర్చున్న చోట సానరాయీ, నీళ్లముంతా, సుత్తీ చిందరవందరగా ఉన్నాయి. అవన్నీ సర్దడమెందుకని అవతలి పక్కకు పోయి కూర్చుంది. ఒక బద్ద తీసుకుంది. కత్తిపీట ముందు కూర్చుంటే చెయ్యి ఎట్లా పోతుందో అట్లాగే, కాయను నెట్టినట్టు, ముందుకు నెట్టింది.

సర్రున చప్పుడైంది. సన్నటి చెక్కచుట్ట ఒకటి లేచి, రాతికింద పడింది.

ఆమె బద్ద తిప్పి చూసింది. పొడుగునా వెంట్రుకంత గీత, తిన్నగా. మళ్లీ నెట్టింది. మళ్లీ సర్రుమంది. ఎనిమిది తోపులకు చప్పుడు తనంతట తనే ఆగిపోయింది. బద్ద దిగి రాతికి ఆనుకుంది, ఇక ఉలికి అందదు. గాడి ఎంత లోతుండాలో అంతే ఉంది. కొలవాల్సిన పనే లేదు.

లోపల మంచం కిర్రుమంది. చిత్రిక చప్పుడు ఆ ఇంటి మగవాణ్ణి చచ్చి పడున్నా లేపుతుంది. బాలకోటయ్య గుమ్మంలోకి వచ్చాడు.

"ఏం చేశావే దాన్ని?"

"నేనేం చెయ్యలా. ఇటుపక్క కూర్చున్నా."

అతను దగ్గరికి వచ్చి, వంగి, ఉలి మొన చూశాడు. నలభై ఏళ్ల అలవాటు చొప్పున దాన్ని అవతలికి చూసేట్టు బిగించాడు, ఎందుకంటే చిత్రికను తోసేటప్పుడు మొన ముందుకే చూడాలి. తోసేది చిత్రికను కాదని చేతులకు తెలియలేదు.

"ఏ కత్తిపీటకైనా కత్తి మనకేసి చూడాల" అంది లక్ష్మమ్మ. "నువ్వు మాచర్లకేసి చూసేట్టు పెట్టావు. నువ్వు ఇటు తోస్తే అదేం కోస్తది? పుట్టాక ఒక్కనాడైనా వంకాయ తరిగిన మొహమైతేగా తెలియడానికి."

బాలకోటయ్య ఉలి మొనను వేలితో తాకి చూశాడు. అతని భుజాలు కదిలాయి. ఏడుస్తున్నాడేమోనని ఆమె కంగారు పడింది. నవ్వుతున్నాడు. మూడుసార్లు పట్టిన సాన గుర్తొచ్చినకొద్దీ నవ్వుతున్నాడు. నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుని, "జరుగు" అన్నాడు.

"ఇది నా పక్క."

"జరగవే."

ఆమె జరిగింది. అతను కూర్చుని బద్ద నెట్టాడు. సర్రుమంది. మంగళవారం పొద్దున్నుంచి ఇక ఆ చప్పుడు ఆగలేదు. లక్ష్మమ్మ మళ్లీ ప్రతి మాటా అరిచి చెప్పాల్సి వచ్చింది. అతను మూలలు అతకడానికి లేచినప్పుడల్లా ఆమె రాతిముందు చేరేది, గాడి తీసేది. అతను ఆమె తీసినవీ తను తీసినవీ కలిపి పోసి, బొటనవేలి గోటితో ఒక్కొక్క గాడీ తడిమి, "ఇది నీది" అనేవాడు.

"కాదు, నీదే."

"ఇది?"

"అదీ నీదే. కాస్త గరుగ్గా ఉంది చూడు."

ముందైతే రోజంతా కూర్చుంటే అయిదు చట్రాలు తెమిలేవి. బుధవారం దీపాలవేళకు ఇరవై నాలుగూ గోడవార నిలబడ్డాయి. పనికి పోయే ఆడవాళ్లు దారిలో ఆగి, ఈ చెక్కల కత్తిపీటను చూసిపోయారు. వాళ్లలో ఒక్కరికీ ఎటుపక్క కూర్చోవాలో చెప్పాల్సిన అవసరం రాలేదు.

గురువారం పొద్దున్నే గ్రేసమ్మ టీచరమ్మ వచ్చి, పలక ఒకటి తీసి, చట్రం మూలలు పట్టి లాగి చూసింది. "గాడి ఎవరు తీశారు, ఇంత సమంగా?"

"ఆమెనడుగమ్మా" అన్నాడు బాలకోటయ్య.

"అయితే లక్ష్మమ్మ గారూ, మీరూ ఒక మధ్యాహ్నం రండి. పలక చేసిన చెయ్యి పలక పట్టకపోతే ఏం బావుంటుంది?"

"వస్తా, వస్తా. ముందు ఈ పూట గడవనీయండి" అంది లక్ష్మమ్మ. ఆమె మనసు పలకల మీద లేదు. బస్సు మోత కోసం చెవులు రిక్కించి ఉంది. మూడు రోజులుగా భర్త మీరా సాహెబు పేరెత్తలేదు. మాటిచ్చి తప్పే మనిషీ కాదు. రాతికింద చీలిక ఒక్క దెబ్బకు ఊడేట్టే ఉంది.

పెట్రోలు కరువులో బొగ్గు మంటతో నడిచే బస్సు మధ్యాహ్నానికి వచ్చింది. మీరా సాహెబు నెరిసిన గడ్డం నిండా బస్సు మసితో, ఖాళీ గోనెసంచితో దిగాడు. నరసరావుపేటలో అతనిది కుర్చీలూ బీరువాలూ చేసే దుకాణం. బాలకోటయ్యతో పాతికేళ్ల స్నేహం.

"కోటయ్య బావా, ఆ బస్సుని నేనే సగం దారి తోసుకొచ్చా. మంచినీళ్లియ్యి చెల్లెమ్మా."

నీళ్లు తాగి, పెట్టె ముందు కూర్చుని, ఉలులూ రంపాలూ ఒక్కొక్కటే తీసి చూశాడు. అన్నీ చూసి, "ఇవి ఏ సంతలోనైనా దొరుకుతాయి బావా. నేను దేనికొచ్చానో నీకు తెలుసు. మీ నాయన గాడి చిత్రిక ఏది?" అన్నాడు.

లక్ష్మమ్మ గుమ్మం పట్టుకుని నిలబడింది. బాలకోటయ్య వాకిట్లోకి దారి తీసి, రాయి చూపించాడు.

"అదుగో, అందులో."

"ఏందిది?"

"బల్ల. చిత్రిక పడుకుంటది, చెక్క నడుస్తది."

మీరా సాహెబు వదులుతాడా. చొక్కా చేతులు మడిచి, ఒక బద్ద తీసుకుని, రాతిముందు కూర్చుని తోశాడు. బద్ద నున్నగా జారిపోయింది. కనుబొమలు ముడిచి మళ్లీ తోశాడు.

"మొండిదైంది బావా. సానరాయి ఇట్టా ఇయ్యి."

భార్యాభర్తలిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. లక్ష్మమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "సాహెబన్నా, అటుపక్క కాదు. ఇటొచ్చి కూర్చో. మీ ఇంట్లో నువ్వు కూడా ఎప్పుడూ కూరగాయ తరగలేదన్నమాట."

అతను ఇటుపక్కకు వచ్చి తోశాడు. సర్రుమంది. ఆ చప్పుడుకు అతని మొహం చిన్నపిల్లవాడి మొహమైంది. బద్ద రాతికి ఆనేదాకా ఆపలేదు. ఇంకో బద్ద తీసుకున్నాడు, ఆ తర్వాత ఇంకోటి. చివరికి ఒళ్లోని పొట్టు దులుపుకుని, సంచి మీద చూపు వేసి, "సరే, తియ్యి మరి. సాయంత్రం బస్సు అందుకోవాల" అన్నాడు.

బాలకోటయ్య కదల్లేదు.

"అది ఊడదు సాహెబూ" అన్నాడు.

లక్ష్మమ్మ చూపు భర్త మీదికి తిరిగింది.

"ఊడదా?"

"ఊడదు. రాయిలో కూర్చుంది. తీస్తే రాయన్నా పగలాల, చిత్రికన్నా పగలాల." అబద్ధం ఆడటం చేతగాని మనిషి, కళ్లు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక కోళ్లగంప వైపు చూస్తూ చెప్పాడు.

మీరా సాహెబు రాతిపక్కన మోకాళ్లమీద వంగాడు. తల నేలకు ఆనించి కిందికి చూశాడు. చెయ్యి లోపలికి పోనిచ్చి తడిమాడు. అతని వేళ్లు చీలిక మీద ఆగడం లక్ష్మమ్మకు కనిపించింది. యాభై ఏళ్లు చెక్కతో బతికిన మనిషికి చీలికంటే ఏమిటో, అది ఎన్ని దెబ్బలకు ఊడుతుందో ఒకరు చెప్పాలా. అతను చెయ్యి వెనక్కు తీసుకున్నాడు. లేచి, మోకాళ్లు దులుపుకుని, బాలకోటయ్య వంకర వేలి వైపు ఒకసారి చూశాడు.

"నిజమే బావా" అన్నాడు. "ఇది ఊడదు. నేను చానా చూశాను గాని, ఇంత గట్టిగా పట్టిందాన్ని చూడలా."

బాలకోటయ్య ఏదో అనబోయాడు.

"అది లేకుండా మిగతావి నాకెందుకు? పెట్టెలో పెట్టుకో. చెల్లెమ్మా, పురికొస ఉందా?"

పురికొసతో రాతి పొడుగూ వెడల్పూ సందూ కొలుచుకుని, కొలతకొక ముడి వేసుకుని జేబులో పెట్టుకున్నాడు. ఈ రాయి కొట్టిన మనిషి ఎవరని అడిగాడు. యేసుపాదం గనిలో ఉంటాడని చెబితే, ఖాళీ సంచి భుజాన వేసుకుని, అటే నడిచాడు. సాయంత్రం బస్సులో అతను వెళ్లేటప్పుడు పైకప్పు మీద ఒక నాపరాయి ఎక్కిందనీ, దాన్ని ఎక్కించినప్పుడు కండక్టరుకు కాళ్లు దూరంగా పెట్టుకోమని యేసుపాదం పదిసార్లు చెప్పాడనీ ఊళ్లో చెప్పుకున్నారు.

మర్నాడు పొద్దున లక్ష్మమ్మ పొయ్యిలోకి పొట్టు తీసుకోవడానికి రాతికింద చెయ్యి పెట్టింది. గుప్పెడు తీసి, ఇంకో గుప్పెడు కోసం లోపలికి పోనిచ్చింది. చీలిక తగిలింది. దాని పక్కనే ఇంకోటి తగిలింది. ఒకటి ఉండాల్సిన చోట రెండు, రెండోది నిన్న లేనిది, కొత్తది, ఇక సుత్తికి అందకుండా తలదాకా దిగగొట్టి ఉంది.

ఆమె చెయ్యి వెనక్కు తీసుకుని, పొట్టు ఒళ్లో పోసుకుని, పొయ్యి దగ్గరకు పోయింది. ఆ సంగతి అతన్ని ఎప్పుడూ అడగలేదు.